కూసోబెట్టినంకనే నీళ్లు

“గొంతు ఎండుతుందే. నీళ్లు పొయ్యి.”

“జర ఆగుండ్రి. కూసోబెట్టి ఇస్త.”

మా ఆయనకూ నాకూ మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. ముందు వీటినే రాయి బిడ్డా, తర్వాత మిగతాది చెప్తాను. నువ్వు మా తమ్ముని కూతురివి, తెలుగు బడిలో చదువుకున్నదానివి. నాకు సంతకం వరకే వచ్చు. నా మాటను పుస్తకం తెలుగులోకి సర్దుతానన్నావు, సర్దు. మనుషులు అన్నమాటలు మాత్రం అన్నట్టే ఉంచు.

ఎందుకు రాయిస్తున్నానంటే, ఆయన పోయినప్పటి నుంచి మా వదినె, అంటే ఆయన అక్క, భవాని పేట్‌లో ఇంటింటికీ ఒక మాట మోస్తోంది. “నా తమ్ముడు దప్పికతోటి పోయిండు. నీళ్లడిగితె పెండ్లాం ఇయ్యలే” అని. ఆయన అడిగాడని ఆ రోజు ఏడుస్తూ అందరికీ చెప్పింది నేనే, అది నిజం. నేను ఇవ్వనిది నిజం. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను ఎలాంటిదాన్నో ఎవరికైనా తేలిపోతుంది. వాటి మధ్యలో ఏముందో చెప్పడానికి ఆ గదిలో నేను తప్ప ఎవరూ లేరు.

ఊరు మరాఠీవాళ్లదైనా ఈ పేటలన్నీ మన తెలుగువాళ్లవే. మా ఇల్లు దాజీ పేట్‌లో. ముందు ఒక్క గది, వెనక గోడకు అవతల కరెంటు మగ్గాల కారఖానా. పొద్దున లూములు మొదలైతే పొద్దుగూకేదాకా ఆ చప్పుడు గోడలోంచి మంచానికీ, మంచంలోంచి మనిషికీ వస్తుంది. గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతూనే ఉంటాయి. ఈ చప్పుడు మీద నోరు పెంచి పెంచి నా గొంతు ఇలా బొంగురుపోయింది. మగవాళ్లు అరవరు. లూముల నడుమ నిలబడ్డవాళ్లకు అరిచినా లాభం లేదని తెలుసు. పెదాలు ఆడిస్తారు, ఎదుటివాడు చూసి తెలుసుకుంటాడు. మా ఆయన చిన్నప్పటి నుంచి టవల్ లూముల మీద ఉన్నవాడు, ఇంటికొచ్చినా అదే అలవాటు. పెదాలు కదిలేవి, లోపలి నుంచి గాలి కూడా వచ్చేది కాదు. నేను ముఖం చూసి జవాబు చెప్పేదాన్ని.

కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు ఇది నాకు బాగా నచ్చింది. అత్త ఎదురుగా కూర్చుని బీడీలు చుడుతుంటే మేం శబ్దం లేకుండా ఆమె మీదే మాట్లాడుకునేవాళ్లం. ఒకరోజు ఆమె చాట పక్కకు జరిపి, “ముసల్దానికి తిండెక్కువ అంటివి కదనే. నా పెనిమిటి గూడ లూము నడిపినోడే” అంది. ఆమెకు మాకన్నా బాగా పెదాలు చదవడం వచ్చు. 

ఆయనకు పక్షవాతం వచ్చింది లూము దగ్గరే. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మూతి ఒక పక్కకు జారింది. పక్క లూము నడిపే ఆయన దోస్తు, నేనూ కలిసి దవాఖానాకు తీసుకుపోయాం. వార్డులో ఎంత నిశ్శబ్దమంటే, నా చెవుల్లోంచి ఎవరో ఏదో తీసేసినట్టు అనిపించింది. నేను మామూలుగా మాట్లాడినా పక్క మంచాల వాళ్లు ఉలిక్కిపడి చూశారు.

అక్కడ ఒక సిస్టర్ ఉండేది. మరాఠీ మనిషి, నడివయసు, కళ్లద్దాలు. నన్ను చిన్నమ్మను పిలిచినట్టు ‘మావశీ’ అని పిలిచేది. ఆమె మాట్లాడింది మరాఠీలో. నేను మన మాటలో చెప్తున్నాను. నేను ఇంటి నుంచి తెచ్చిన సీసా మూత తీయబోతుంటే ఆమె చేయి అడ్డం పెట్టింది. నేను చూసేదాకా ఈయన నోట్లోకి ఏదీ పోకూడదు అంది. మంచం తలవైపు ఎత్తి ఆయన్ను నిటారుగా కూర్చోబెట్టింది. తడి గుడ్డతో నోరు లోపలంతా తుడిచింది. ఒక చెంచా నీళ్లు పోసి, గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, గుటక కదిలేదాకా ఆగింది. తర్వాత ‘ఆ’ అనమంది.

ఆయన నోరు తెరిచాడు. శబ్దం లేదు. గొంతు పడిపోయిందేమోనని ఆమె నా వైపు చూసింది. నేను ఆయనకు సైగ చేశాను, బయటికి అనమని. అప్పుడు వచ్చింది. తడిగా ఉంది, లోపలెక్కడో బుడగలు పగులుతున్నట్టు.

“మావశీ, ఈయన గొంతు ఎప్పుడూ ఇట్లనే ఉంటదా?” అని అడిగింది.

నేను జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నాకు తెలియదు. మరాఠీ అర్థం కాలేదనుకుని ఆమె హిందీలో మళ్లీ అడిగింది. అర్థమైంది తల్లీ, కానీ నాకు తెలియదు అన్నాను. ఆమె ఆయన దోస్తు వైపు తిరిగింది. అతను నా ముఖం చూశాడు. “వానికి గొంతున్నదని ఇయ్యాలనే తెలిసె సిస్టర్” అన్నాడు. తమాషాకు అనలేదు. ఆమె నవ్వబోయి, మా ఇద్దరినీ చూసి ఆపుకుంది.

మేం ఎలా మాట్లాడుకుంటామో అప్పుడు చెప్పాం. ఆమె శ్రద్ధగా విన్నది. నిన్నటి గొంతుకూ ఈరోజు గొంతుకూ తేడా ఏమిటో ఇంట్లోవాళ్లే ముందు చెప్తారట, ఎవరినడిగినా చెప్తారట. మా దగ్గర ఆ తేడా చెప్పే మనిషి లేడు. “తెల్వనప్పుడు చెడ్డదే అనుకోవాలె” అంది. సగం పక్క పడిపోయినప్పుడు గొంతు కూడా సగం పడిపోతుందని, మింగిన నీళ్లు కడుపులోకి కాక ఊపిరిలోకి పోవచ్చని, ఒక్కోసారి దగ్గు కూడా రాదని, దగ్గు రాకపోవడమే భయమని చెప్పింది. డాక్టరు వచ్చి ముక్కులోంచి సన్నని గొట్టం వేశాడు. అన్నం, మందు, నీళ్లు అన్నీ అందులోంచే. నోటితో మాత్రం ఏదీ లేదు.

గొట్టంలోంచి నీళ్లు పోతే దప్పిక తీరుతుందా? నాలుక తడవదు కదా. ఆయన పెదాలు నా వైపు తిరిగి ఒక్కటే మాట ఆడేవి. సిస్టర్ నాకు చిన్న స్టీలు గిన్నె, తడి గుడ్డ ఇచ్చి, గుడ్డ పిండి పెదాలు, నాలుక తుడవమంది. తుడిచేదాన్ని. ఆయన ఆ గుడ్డను పళ్లతో పట్టుకునేవాడు. లాక్కోవాల్సి వచ్చేది. కట్టుకున్నవాడి నోట్లోంచి తడిగుడ్డ లాక్కునే పని ఎవరికీ రాకూడదు.

చూడటానికి వచ్చేవాళ్లతో ఇంకో కష్టం. మంచం తల దగ్గర మరాఠీలో రాసి పెట్టారు, నోటితో ఏమీ ఇవ్వవద్దని. మనవాళ్లలో చదివేదెవరు? ఏ భాషలో రాస్తే మీవాళ్లకు తెలుస్తుందని సిస్టర్ అడిగింది. నేను పాత చీర చెంగు చింపి గ్లాసుకు కట్టి మంచం కడ్డీకి వేలాడదీశాను. కారఖానాలో ఎవరైనా లూము లోపల చేయి పెట్టి తెగిన పోగులు అతుకుతుంటే, దాన్ని నడిపించే హ్యాండిల్‌కు గుడ్డ పేలిక కడతారు. అది కట్టి ఉంటే కారఖానా యజమాని సేఠ్ వచ్చినా హ్యాండిల్ ముట్టడు. సిస్టర్‌కు అది చెప్పాను. ఆ తర్వాత లూముల మీద పనిచేసేవాళ్లు ఎవరొచ్చినా గ్లాసు చూసి, తెచ్చిన సీసా తమ సంచిలోనే ఉంచుకుని కూర్చునేవాళ్లు. సిస్టర్ ఆ పేలికను ఎవరినీ తీయనివ్వలేదు.

మా వదినె ఎన్నడూ కారఖానాలో అడుగు పెట్టలేదు. ఆమె మెట్టినిల్లు బీడీలది. ఆ పేలిక ఆమెకు చేయి తుడుచుకునే గుడ్డలా కనిపించింది. నేను బట్టలు పిండడానికి పోయిన వేళకు ఆమె వచ్చింది. తమ్ముడి పెదాలు చూసింది. కొబ్బరినీళ్లు తెచ్చి ఉంది. తల ఒళ్లో పెట్టుకుని, పడుకోబెట్టే పోసింది. తల్లి బీడీలకు కూర్చుంటే చిన్నప్పుడు తమ్ముణ్ని ఎత్తుకుని పెంచిన చేయి అది, ఇంకేం చేస్తుంది? నేను వచ్చేసరికి చెంగుతో ఆయన మూతి తుడుస్తోంది. ఎండకు చెమట పట్టిందని అంది. ఆయనకు దగ్గు కూడా రాలేదు.

మధ్యాహ్నం సిస్టర్ పక్క మంచానికి సెలైన్ సీసా మార్చడానికి వచ్చింది. పోతూ పోతూ మా దగ్గర ఆగింది. జ్వరం చూసింది, లేదు. వేలికి పెట్టే మిషను చూసింది, అదీ బాగానే ఉంది. అయినా పోలేదు. అలాగే నిలబడి ఆయన ఎడమ చేతిని చూస్తోంది. ఆ చేయి రోజంతా దుప్పటి అంచును వేళ్ల మధ్య నలుపుతూ, నేత ఎలా ఉందో చూస్తూ ఉండేది. ఆ దుప్పటి నేసినవాణ్ని తిడుతున్నాడని నేనే ఆమెకు నవ్వుతూ చెప్పి ఉన్నాను. ఇప్పుడు ఆ చేయి ఊరికే పడి ఉంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఆమె ఛాతీ మీద చేయి పెట్టి, గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది.

“నోట్లెకు ఏమన్నా పోయిందా?” అంది.

నేను లేదన్నాను. వదినె తడిసిన చెంగును ఒళ్లో మడిచి పెట్టుకుంది.

“ఎవరని అడుగుతలేను. ఏం పోయిందో చెప్పున్రి సాలు. అది తెలిస్తె డాక్టర్‌తోటి మాట్లాడేది వేరే ఉంటది.”

ఆమె గొంతు పెంచలేదు. అందుకేనేమో వదినె చెప్పింది. కొబ్బరినీళ్లు, సగం కాయ, పడుకోబెట్టి. సిస్టర్ మంచం తలవైపు ఎత్తి, ఫోన్ తీసుకుని డాక్టరుతో మాట్లాడింది. ఆయన ఏమన్నాడో నాకు వినపడలేదు. ఆమె మాత్రం, అంకెలు బాగానే ఉన్నాయి సర్, మనిషి బాగాలేడు, మీరు వచ్చి చూడాలి అంది. అదే మాట మళ్లీ అంది. ఆయన వచ్చాడు. గొట్టం పెట్టి గొంతులోంచి లాగారు, ఆక్సిజన్ పెట్టారు, సూదులు మొదలుపెట్టారు. చీకటి పడకముందే జ్వరం పట్టుకుంది. చాలా రోజులు ఒళ్లు కాలిపోయింది. ముందే పట్టుకున్నారు కాబట్టి దక్కాడని డాక్టరే తర్వాత నాతో అన్నాడు.

వదినెను ఎవరూ ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు. అనకపోవడమే ఆమెకు గుచ్చుకుందేమో. ఆ తర్వాత దవాఖానాకు రాలేదు.

గొట్టం తీసి ఇంటికి పంపేటప్పుడు సిస్టర్ నాకు అన్నీ చేతితో చేయించి చూసింది. నిటారుగా కూర్చోబెట్టాకే చెంచా. నీళ్లయినా పొడి కలిపి గంజిలా చిక్కగా చేసే ఇవ్వాలి. మింగాక గొంతు మీద వేళ్లు పెట్టి చూడాలి. రోజూ మొదటి చెంచాకు ముందు ఆయనతో ఏదో ఒకటి పలికించి గొంతు వినాలి. తడిగా ఉంటే చెంచా దింపేయాలి. వినడమొక్కటే మా ఇంట్లో కుదరని పని.

అందుకని లూములు మొదలయ్యే ముందే లేచేవాళ్లం. వాడంతా అప్పుడే చాయ్ పెట్టుకుంటూ ఉంటుంది. నేను ఆయన్ను లేపి గోడకు ఆనించి, చెవి గొంతు దగ్గర పెట్టేదాన్ని. ఒకరోజు పక్కింటామె చక్కెర అప్పుకు వచ్చి తలుపులోంచి చూసి, “ఇప్పుడు గూడనా అత్తమ్మా?” అని, మమ్మల్ని సరసాల్లో పట్టుకున్నట్టు నవ్వుకుంటూ గిన్నె అక్కడే పెట్టి పోయింది.

“ఏమన్న అనుండ్రి” అని రోజూ ఆయనతో అనేదాన్ని.

“ఏమనాలె?” అనేవాడు. చెక్ చేయడానికి ఆ ఒక్క మాటే చాలు. కానీ ఆయనకు అలవాటు తప్పింది కదా, నోరు తెరిస్తే లోపలున్నది ఒక్కొక్కటే రావడం మొదలైంది. తన తల్లి పోయిన రోజు చూరు కింద కూర్చుని పల్లీల శెంగ చట్నీతో రొట్టె తిన్నానని, ఆకలైనందుకు సిగ్గుపడ్డానని ఒకరోజు చెప్పాడు. నన్ను చూడటానికి వచ్చినప్పుడు నా ముఖం కాదు, నా చేతులు చూశానని ఇంకోరోజు చెప్పాడు. మాట సాగదీసినట్టు వచ్చేది, కొన్ని సగంలో జారిపోయేవి. గొంతు సన్నగా ఉండేది. అంత ఒడ్డూ పొడుగూ మనిషికి అంత చిన్న గొంతా అనిపించింది. ఆయనతో ఇన్నేళ్లు కాపురం చేసి, ఆ గొంతుతో మాత్రం అప్పుడే పరిచయం. లూములు మొదలయ్యాక ఇద్దరం మళ్లీ పెదాల్లోకి పోయేవాళ్లం. చెప్పేది సగంలో ఉంటే మరునాటికి దాచేవాడు.

ఇప్పుడు ఆ వేళకు మెలకువ వస్తుంది నాకు. చాయ్ పెట్టుకోను. గోడవైపు తిరిగి పడుకుని, లూములు ఎప్పుడు మొదలవుతాయా అని చూస్తాను.

ఆ రోజు సంగతి చెప్తాను, తొందర లేకుండా రాయి. మధ్యాహ్నం. లూములు నడుస్తున్నాయి. పొద్దున గొంతు విన్నాను, బాగానే ఉంది, గంజి తాగాడు. నేను చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. తలెత్తి చూస్తే దిండు మీద నుంచి కిందికి జారిపోయి ఉన్నాడు, మెడ వంకరగా. పెదాలు కదిలాయి. గొంతు ఎండుతుందన్నాడు, నీళ్లు పొయ్యమన్నాడు. గ్లాసు చేతికి అందేంత దూరంలోనే ఉంది. అలా పడుకుని ఉన్నవాడికి పోస్తే ఏమవుతుందో నేను కళ్లారా చూసినదాన్ని. మంచం వెనక్కి పోయి, చంకల కింద చేతులు దూర్చి, పైకి లాగుతూ అన్నాను, జర ఆగుండ్రి, కూసోబెట్టి ఇస్త అని.

కూర్చోబెట్టి, ముందుకు వచ్చి, చిక్కటి నీళ్లు చెంచాలో తీసుకున్నాను. ఆయన కళ్లు నన్ను చూడటం లేదు. మూతి మళ్లీ జారింది, ఈసారి రెండో పక్కకు. చెంచా దింపేశాను. చుట్టుపక్కల వాళ్లు ఆటో పిలిచారు. దవాఖానా గేటు కూడా దాటకముందే అయిపోయింది. తలలో నరం పగిలిందన్నారు.

పాడె ఎత్తేముందు వదినె తులసి నీళ్లు తెచ్చింది. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆమె నోట్లో పోస్తుంటే నా చేయి దానంతటదే ఆయన తల కిందికి పోయింది, లేపడానికి.

“ఇప్పుడు గూడ అడ్డమొస్తవా?” అంది.

చేయి తీసేశాను. నీళ్లు మూతి పక్క నుంచి చెవిలోకి కారిపోయాయి. అందరూ చూశారు.

కర్మలన్నీ అయ్యాక ఒక్కదాన్నే దవాఖానాకు పోయాను. ఎవరితోనూ చెప్పలేదు. సిస్టర్ బొట్టు లేని నా నుదురు చూసి ముందు కళ్లద్దాలు తీసింది, వార్త అప్పుడే తెలిసింది ఆమెకు. వరండాలో బల్ల మీద పక్కన కూర్చుంది. ఆ ఒక్క గుక్క ఇచ్చి ఉంటే ఏమయ్యేదని అడిగాను.

“పండుకున్న మనిషికి నేనైతె ఇయ్యకపోతుంటి” అంది. “నీళ్లకు, ఆ నరానికి సంబంధం లేదు మావశీ. ఇచ్చినా అదే అవుతుండె.”

అది నాకు అర్థమైంది. అడగాలని వచ్చింది అది కాదు. ఆయనకు నా మాట అందిందా అన్నాను. లూములు నడుస్తున్నాయి. నేను ఆయన వెనక ఉన్నాను. నా పెదాలు ఆయనకు కనపడవు. ఇస్తానన్నది నాకు తెలుసు, గోడకు తెలుసు. ఆయనకు మాత్రం, అడిగితే నేను జవాబు చెప్పకుండా లేచి వెనక్కి పోయానని తెలిసి ఉంటుంది.

 అందిందిలే మావశీ అని ఆమె ఒక్క మాట అని ఉంటే అక్కడితో పోయేది. ఇంకెవరైనా అయితే అలాగే అనేవాళ్లు. ఆమె మాత్రం అడగడం మొదలుపెట్టింది. నీ చేతులు ఎక్కడున్నాయి? ఆయన ఎలా జారి ఉన్నాడు? ఒక్క లాగుకే పైకి వచ్చాడా? లేపేటప్పుడు బాగున్న కాలి మడమ మంచానికి తన్నిపెట్టి సాయం చేయాలని ఆయనకు నేర్పింది ఆమే. రోజూ చేసేవాడు.

“ఆ రోజు మడమ తన్నిండా?” అంది.

తన్ని ఉంటే, నేను ఎందుకు లేపుతున్నానో ఆయనకు తెలిసినట్టే. నీళ్ల కోసమే లేపుతున్నానని తెలిసి, లేవడానికి సాయం చేసినట్టు. తన్నకపోతే, అప్పటికే ఆయన లేడేమో, నేను వెనక్కి పోయింది కూడా చూడలేదేమో. రెండింటిలో ఏదైనా, వదినె చెప్పేది మాత్రం కాదు. సిస్టర్ ఇవన్నీ విప్పి చెప్పలేదు. “అది నాకు తెల్వదు మావశీ, నీ చేతులకే తెలుసు” అని, ఎవరో పిలిస్తే లేచి పోయింది.

నా చేతులకు తెలియడం లేదు బిడ్డా. ఒక్కోరోజు ఆయన తేలికగా వచ్చినట్టు అనిపిస్తుంది, ఒక్కోరోజు బియ్యం బస్తా లాగినట్టు. ఖాళీ మంచం వెనక నిలబడి లాగి కూడా చూశాను. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే ఆ రోజు నువ్వు ఎలా లాగావో చెప్పేవాళ్లు.

సరే, ఇక్కడికి చాలు. ఇప్పుడు రాసింది చదువు, నేను కళ్లు మూసుకుని వింటాను. వెనక నుంచి ఆయన్ను లేపే దగ్గరికి వచ్చినప్పుడు మెల్లగా చదువు, నా చేతులకు గుర్తొస్తుందేమో. నేను చేయి ఎత్తితే అక్కడే ఆగు.